ముక్క చూశాకే మందు



నేను పాథాలజిస్టును. రోగి నాడి పట్టుకుని చూసే డాక్టర్లు వేరే ఉంటారు. రోగి ఒంట్లోంచి తీసిన ముక్కను మైక్రోస్కోపు కింద పెట్టి, ఇది ఫలానా జబ్బు అని రాసిచ్చే పని నాది. ఈ రోజు వెన్నుపూసల్లో కనబడే లింఫోమా గురించి, దాన్ని గుర్తుపట్టే తీరు గురించి మాట్లాడతాను.

లింఫోమా అంటే లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలకు వచ్చే క్యాన్సరు. మామూలుగా మెడలోనో, చంకల్లోనో, గజ్జల్లోనో బిళ్ళలు కట్టి బయటపడుతుంది. కొందరిలో ఎముకలో కనబడుతుంది. ఎముకలోనే పుట్టేది చాలా అరుదు. వేరే చోట మొదలై ఎముకకు చేరేదే ఎక్కువ. వెన్నుపూసలో చేరినప్పుడు అది నడుం నొప్పిలా మొదలవుతుంది. నడుం నొప్పి రాని ఇల్లు మన ఊళ్ళల్లో ఉండదు కదా. వెయ్యి నడుం నొప్పుల్లో ఇలాంటి ఒక్కదాన్ని వెతికి పట్టుకోవడం ఎలాగన్నదే మన సమస్య. ఇంత అరుదైన దాని గురించి ఎందుకు మాట్లాడుతున్నానంటే, ఇది మందులకు బాగా లొంగే క్యాన్సరు. సరిగ్గా గుర్తుపడితే చాలామంది పూర్తిగా కోలుకుంటారు. పొరపాటు పడితే పోయేవి నెలలు. ఒక్కోసారి కాళ్ళు కూడా.

ఒక మనిషిని ఊహించుకుందాం. యాభై దాటిన కౌలు రైతు. నడుం పట్టేసింది. బస్తాలు ఎత్తడం వల్లే అనుకున్నాడు. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటే రెండు రోజులు హాయిగా ఉంది, మూడో రోజు మళ్ళీ మామూలే. బెల్టు కట్టాడు, నూనె రాయించుకున్నాడు. టౌనుకెళ్ళి ఎక్స్‌రే తీయించుకుంటే పెద్దగా ఏమీ లేదు, వయసు అరుగుదల అన్నారు. ఆ మాటతో ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు.

ఇక్కడ ఎక్స్‌రే గురించి ఒక సంగతి చెప్పాలి. పూస లోపలి ఎముకలో 30 నుంచి 50 శాతం దాకా కరిగిపోతే తప్ప మామూలు ఎక్స్‌రేలో తేడా కనబడదు. కాబట్టి ఎక్స్‌రే బాగుందంటే పూస బాగుందని అర్థం కాదు. లింఫోమా విషయంలో ఇది మరీ నిజం. ఈ కణాలు ఎముక గోడను కూలగొట్టకుండానే అందులోని సన్నటి సందుల గుండా బయటికి జారుకుంటాయి. పూస ఆకారం దాదాపు అలాగే ఉంటుంది, దాని చుట్టూ మాత్రం మెత్తటి కణితి పేరుకుంటుంది. ఇంకొందరిలో, ముఖ్యంగా లింఫోమాల్లో ఒకటైన హాడ్జ్‌కిన్ రకంలో, పూస గుల్లబారే బదులు గట్టిపడి ఎక్స్‌రేలో తెల్లగా మెరుస్తుంది. దాన్ని ఐవరీ వర్టిబ్రా అంటారు. ప్రొస్టేట్ క్యాన్సరు ఎముకలకు పాకినప్పుడూ అలాగే కనబడొచ్చు.

మరి ఏ నొప్పికి భయపడాలి? బరువెత్తితే వచ్చి, పడుకుంటే తగ్గే నొప్పికి తొందర లేదు. పడుకున్నాకే ఎక్కువయ్యే నొప్పి, అర్ధరాత్రి లేపి వరండాలో పచార్లు చేయించే నొప్పి వేరు. వారం వారం పెరుగుతూ పోయే నొప్పి వేరు. దానికి తోడు జ్వరం, ఆకలి మందగించడం, బట్టలు వదులైపోవడం ఉంటే ఇంక సూదులతో కాలం గడపకూడదు. క్యాన్సరు డాక్టర్లు మూడు లక్షణాలు ప్రత్యేకంగా అడుగుతారు. 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్ దాటే జ్వరం ఉందా? పక్కబట్టలు మార్చుకోవాల్సినంతగా రాత్రిళ్ళు చెమటలు పడుతున్నాయా? ఆరు నెలల్లో ఒంటి బరువులో పదోవంతుకు పైగా కారణం లేకుండా తగ్గిందా? ఈ మూడూ లింఫోమాలో ఉండొచ్చు. చిక్కేమిటంటే ఈ మూడూ టీబీలోనూ ఉంటాయి. ఇంకో చిక్కు, ఎముకకే పరిమితమైన లింఫోమాలో ఇవేవీ లేకుండా మనిషి నిబ్బరంగానే తిరుగుతుండొచ్చు. 1939లో అమెరికా డాక్టర్లు పార్కర్, జాక్సన్ ఈ ఎముక లింఫోమాను విడిగా వర్ణించినప్పుడే ఈ సంగతి గమనించారు. ఎముకలో కణితి అంత పెద్దగా ఉన్నా మనిషి అంత ఆరోగ్యంగా కనబడటం వాళ్ళకు వింతగా తోచింది.

మన రైతు దగ్గరికి వద్దాం. నొప్పి తగ్గక చివరికి ఎమ్మారై తీయించారు. అందులో టీ1 అనే రకం బొమ్మ ఉంటుంది. పెద్దవాళ్ళ పూసలో మజ్జ కొవ్వుతో నిండి ఉంటుంది కాబట్టి ఆ బొమ్మలో పూస పక్కనున్న డిస్కు కన్నా తెల్లగా కనబడాలి. డిస్కు కన్నా నల్లగా ఉందంటే కొవ్వు ఉండాల్సిన చోట ఇంకేదో చేరిందన్నమాట. ఆ ఇంకేదో అన్నది ఏమిటో మాత్రం ఎమ్మారై చెప్పలేదు. అది టీబీ కావచ్చు, రొమ్ము నుంచో ఊపిరితిత్తుల నుంచో పాకిన క్యాన్సరు కావచ్చు, మైలోమా అనే ఇంకో రక్త క్యాన్సరు కావచ్చు, లింఫోమా కావచ్చు. రిపోర్టులో చివరి వాక్యంగా ఈ పేర్లన్నీ వరసగా రాసి, బయాప్సీతో సరిచూసుకోండి అంటారు. ఆ చివరి వాక్యాన్ని దాటవేసి పైనున్న మొదటి పేరునే పట్టుకోవడం దగ్గర మన కష్టాలు మొదలవుతాయి.

మన దేశంలో ఆ మొదటి పేరు ఎప్పుడూ టీబీయే. అందులో తప్పు లేదు. వెన్నెముక టీబీ మనకు బాగా ఉంది, డాక్టర్లు దాన్నే ముందు అనుమానించాలి కూడా. 1779లో లండన్ సర్జన్ పెర్సివల్ పాట్ వర్ణించిన ఆ జబ్బుకు కొన్ని గుర్తులున్నాయి. సాధారణంగా అది డిస్కు పక్క అంచున మొదలై పక్కపక్కనున్న రెండు పూసలను తింటుంది. మధ్యనున్న డిస్కు సన్నబడుతుంది. పూసల పక్కన పల్చటి గోడ ఉన్న చీముగడ్డ తయారవుతుంది, అది కండరం వెంబడి గజ్జ దాకా కూడా దిగుతుంది. లింఫోమాలో డిస్కు సాధారణంగా చెక్కుచెదరదు, కణితి చీములా కాక గట్టిగా ఉంటుంది. పుస్తకంలో తేడా ఇంత స్పష్టం. కానీ డిస్కును ముట్టని టీబీ ఉంది, ఒకే పూసలో కూర్చునే టీబీ ఉంది, పూస వెనక భాగాన్ని పట్టే టీబీ ఉంది. వాటి బొమ్మనూ లింఫోమా బొమ్మనూ పక్కపక్కన పెడితే ఎంత అనుభవమున్న రేడియాలజిస్టైనా తడబడతారు.

ఈ రెండు జబ్బుల మధ్య తికమక ఈనాటిది కాదు. లండన్ గైస్ ఆసుపత్రిలో పనిచేసిన థామస్ హాడ్జ్‌కిన్ 1832లో గ్రంథులు వాచే ఒక జబ్బును వర్ణించాడు, ఇప్పుడు ఆయన పేరుతో పిలిచే లింఫోమా అదే. 1898లో వియన్నాలో కార్ల్ స్టెర్న్‌బెర్గ్ అలాంటి గ్రంథులను మైక్రోస్కోపులో చూసి పెద్దపెద్ద కణాలను వర్ణించాడు. తను చూసిన రోగుల్లో చాలామందికి టీబీ కూడా ఉండటంతో, ఇది టీబీలోనే ఒక విచిత్ర రకమని తీర్మానించాడు. 1902లో అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో ఇంకా ముప్ఫై ఏళ్ళు కూడా నిండని డొరొతీ రీడ్ అలాంటి ముక్కలను తనూ పరిశీలించి, కాదు, ఇది టీబీ కాదు, వేరే జబ్బు, టీబీ పక్కన చేరిందంతే అని తేల్చి చెప్పింది. ఆ కణాన్ని ఇప్పటికీ రీడ్-స్టెర్న్‌బెర్గ్ కణమనే పిలుస్తాం. రెండు కేంద్రకాలతో, ఒక్కో దాంట్లో ఎర్రటి పెద్ద చుక్కతో, రెండు కళ్ళు మన వైపే చూస్తున్నట్టు ఉంటుంది. అది స్లైడులో దొరికిన ప్రతిసారీ నాకు ఆ అమ్మాయి గుర్తొస్తుంది. ఆమెకూ ముక్కే దారి చూపించింది.

ఎమ్మారై మాత్రమే చూసి టీబీ మందులు మొదలుపెడితే ఏమవుతుందో చూడండి. వెన్నెముక టీబీకి మందులు ఏడాది పాటు వాడాలి. వాటితో మూత్రం ఎర్రగా వస్తుంది, మందు పనిచేస్తోందని ఇంట్లో వాళ్ళకు ధైర్యం. నెల గడుస్తుంది, రెండు నెలలు గడుస్తాయి, నొప్పి తగ్గదు. టీబీ నెమ్మదిగానే తగ్గుతుంది, ఓపిక పట్టండి అంటారు. ఆ మాట కూడా నిజమే, అందుకే ఎవరికీ అనుమానం రాదు. నిజంగా టీబీయే అయితే నేనన్నదాంతో భయపడి మందులు మానేయకండి, అది ఇంకా పెద్ద ప్రమాదం. నేను అడిగేది ఒక్కటే. మందులు మొదలుపెట్టకముందు ముక్క తీశారా? అప్పుడు తీయకపోతే, మందులు వాడుతున్నా నొప్పి పెరుగుతుంటే, ఇప్పుడైనా తీయాలి. అది మందులకు లొంగని టీబీ కావచ్చు, అసలు టీబీయే కాకపోవచ్చు. రెండింటికీ సమాధానం ఆ ముక్కలోనే ఉంది.

ముక్క ఎక్కడి నుంచి తీయాలి? నేరుగా వెన్నులోకి సూది దించే ముందు డాక్టరు తన చేతులతో రోగి మెడ, చంకలు, గజ్జలు తడిమి చూడాలి. అక్కడ బిళ్ళ తగిలితే దాన్ని పూర్తిగా తీసి పంపడం అన్నిటికన్నా సులువు, నాకైతే అన్నిటికన్నా మంచి ముక్క. పెట్ స్కానులో కూడా ఇలాంటి సులువైన చోటు బయటపడుతుంది. లింఫోమా ఎంతవరకు వ్యాపించిందో చూడటానికి పెట్ స్కాను చాలా అవసరం. అయితే అది చక్కెరను ఎక్కువగా వాడుకునే కణాలన్నిటినీ వెలిగించి చూపిస్తుంది. టీబీ కూడా అందులో వెలుగుతుంది. స్కానులో వెలిగింది కాబట్టి క్యాన్సరే అనుకోవడానికి వీల్లేదు.

బయట ఎక్కడా బిళ్ళలు లేకపోతే వెన్ను నుంచే తీయాలి. ఇది పెద్ద ఆపరేషనేమీ కాదు. రోగిని సీటీ స్కాను బల్ల మీద బోర్లా పడుకోబెడతారు. చర్మానికి మత్తు సూది ఇస్తారు. రేడియాలజిస్టు తెరమీద దారి చూసుకుంటూ, వెన్నుపామునూ రక్తనాళాలనూ తప్పించుకుంటూ, పక్కనుంచి బోలు సూదిని పూసలోకి దించుతారు. ఎముకలోకి దిగేటప్పుడు ఒత్తిడి తెలుస్తుంది, కొంత నొప్పి ఉంటుంది. బయటికి వచ్చేది అగ్గిపుల్ల కన్నా సన్నగా, ఒకటి రెండు సెంటీమీటర్ల పొడవున్న ముక్క. మనిషి భవిష్యత్తు అందులో ఉంటుంది కాబట్టి ఒకటి చాలదు, వీలైనన్ని తీయమని మేం బతిమాలుకుంటాం. పూస పక్కన మెత్తటి కణితి ఉంటే అందులోంచి తీస్తే ఇంకా మేలు. సన్న సూదితో నీళ్ళలా లాగి చేసే పరీక్ష, అదే ఎఫ్‌ఎన్‌ఏసీ, లింఫోమా రకాన్ని తేల్చడానికి చాలదు. లింఫోమాలో పదుల కొద్దీ రకాలున్నాయి, ఒక్కోదానికి ఒక్కో మందు.

తీసిన ముక్కల్ని రెండు సీసాల్లో వేయాలి. ఇది చాలా చిన్న విషయం, దీని దగ్గరే ఎక్కువ నష్టం జరుగుతుంది. ఒక సీసాలో ఫార్మలిన్, అది నా కోసం. రెండో సీసాలో ఉత్త సెలైన్, అది టీబీ క్రిముల పరీక్ష కోసం. ఫార్మలిన్‌లో పడ్డ క్రిమి చచ్చిపోతుంది, ఇక దాన్ని పెంచి చూడలేం. సెలైన్‌లో వచ్చిన ముక్కను జీన్ ఎక్స్‌పర్ట్ యంత్రంలో పెడితే దాదాపు రెండు గంటల్లో టీబీ క్రిమి ఉందో లేదో, ముఖ్యమైన టీబీ మందు రిఫాంపిసిన్‌కు లొంగుతుందో లేదో చెబుతుంది. కల్చరుకు ఆరు వారాల దాకా పడుతుంది. వెన్ను ముక్కలో క్రిములు బహు కొద్దిగా ఉంటాయి కాబట్టి జీన్ ఎక్స్‌పర్ట్‌లో లేదని వచ్చినంత మాత్రాన టీబీ లేనట్టు కాదు. అందుకే నా స్లైడూ, వాళ్ళ పరీక్షా రెండూ కలిపి చదవాలి.

ముక్క నా బల్ల మీదికి వచ్చాక ఏం జరుగుతుందో చెబుతాను. ఎముక ముక్క గట్టిది, అలాగే కోయలేం, ముందు అందులోని సున్నం కరిగించాలి. ఘాటైన ఆమ్లంలో వేస్తే త్వరగా కరుగుతుంది, కానీ తర్వాత చేయాల్సిన పరీక్షలకు కావలసిన ప్రొటీన్లు, డీఎన్‌ఏ దెబ్బతింటాయి. ఈడీటీఏ అనే ద్రావణంలో మెల్లగా కరిగిస్తే అవి నిలుస్తాయి, కాకపోతే రోజులు పడుతుంది. రిపోర్టు ఎందుకింత ఆలస్యమని కౌంటరు దగ్గర అడిగే కొడుకులకూ కూతుళ్ళకూ నా జవాబు ఇదే. ఆ రోజుల్లో మేం ఊరికే కూర్చోలేదు. కరిగాక మైనం దిమ్మలో బిగించి, వెంట్రుక కన్నా పల్చగా కోసి, రంగులు వేసి చూస్తాం. లింఫోమా కణాలు బహు సున్నితం. సూదిలో నలిగితే తడి వేలితో రుద్దిన సిరా గీతల్లా సాగిపోతాయి, ఏ కణమేదో తెలియదు.

చూడగానే నీలంగా, గుండ్రంగా, ఒకే తీరు కణాలు కిక్కిరిసి ఉన్నాయనుకోండి. అది లింఫోమా కావచ్చు, ఎముకలో వచ్చే ఈవింగ్ సార్కోమా కావచ్చు, ఊపిరితిత్తి నుంచి పాకిన చిన్నకణ క్యాన్సరు కావచ్చు. ఇక్కడ కణాల మీది గుర్తులను పట్టే ఇమ్యునో పరీక్షలు కావాలి. సీడీ45 పూస్తే ఇవి తెల్లకణాల జాతివని తెలుస్తుంది. సీడీ20 పూసినప్పుడు ప్రతి కణం చుట్టూ గోధుమరంగు గీత తేలితే అది బీ కణాల లింఫోమా. ఎముకలో పుట్టే లింఫోమాల్లో అత్యధికం ఈ జాతిలోని డిఫ్యూజ్ లార్జ్ బీ సెల్ రకమే. సీడీ30, సీడీ15 తగిలితే హాడ్జ్‌కిన్ వైపు చూస్తాం. జీవం లేని మధ్యభాగం చుట్టూ కణాలు గుంపుకట్టి ఉంటే టీబీ వైపు చూస్తాం. అలాంటి గుంపులు హాడ్జ్‌కిన్‌లోనూ కనిపించొచ్చు కాబట్టి, గుంపు కనబడగానే టీబీ అని రాసేసి సంతకం పెట్టకూడదు.

ఇప్పుడు స్టెరాయిడ్ల మాట. నా మనసు ఎక్కువ బాధపడేది వీటి దగ్గరే. ఊళ్ళో డెక్సా సూదులు నీళ్ళలా వాడతారు, నొప్పి చిటికెలో తగ్గుతుంది కాబట్టి. లింఫోసైట్లను చంపే గుణం స్టెరాయిడ్‌కు ఉంది. లింఫోమా చికిత్సలో ప్రెడ్నిసోలోన్ ఒక ముఖ్య భాగం కూడా. రోగ నిర్ధారణకు ముందే వాడితే చాలా కణాలు చచ్చి, కణితి తాత్కాలికంగా చిక్కుతుంది. అప్పుడు తీసిన ముక్కలో నాకు చచ్చిన కణాలు, మచ్చకట్టిన కండ తప్ప ఏమీ కనబడవు. నేను ఏమీ తేల్చలేనని రాయాల్సి వస్తుంది. జబ్బు మాత్రం పోదు, కొన్ని వారాల్లో తిరిగి లేస్తుంది. రాత్రి నొప్పి, జ్వరం, బరువు తగ్గడం ఉన్న మనిషికి పేరు తెలియని సూది వేయించకండి. ఏ సూది అని అడిగి, ఆ పేరు కాగితం మీద రాయించుకోండి.

దీనికి ఒక మినహాయింపు ఉంది. కాళ్ళు బలం తప్పుతున్నా, నడుస్తుంటే తడబడుతున్నా, కూర్చునే చోట తిమ్మిరెక్కి స్పర్శ తెలియకున్నా, మూత్రం బిగదీసినా అది వెన్నుపాము నొక్కుకుపోతున్న సూచన. రేపు చూద్దాం అనుకునే పని కాదు, ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. అక్కడ డాక్టరు స్టెరాయిడ్ ఇవ్వాలనుకుంటే ఇవ్వనివ్వండి, కాళ్ళు ముఖ్యం. వెన్ను తెరిచి ఒత్తిడి తీసే ఆపరేషను చేస్తే, తీసిన కండను కొంత ఫార్మలిన్‌లో, కొంత సెలైన్‌లో పంపమని సర్జన్లకు నా విన్నపం. లింఫోమా అని తేలితే కణితినంతా తవ్వి తీయాల్సిన పని ఉండదు. మందులతో, కొందరికి రేడియేషన్‌తో కరుగుతుంది. పూస కుంగి నిలబడలేని స్థితిలో ఉంటేనే సర్జను అవసరం ఎక్కువగా పడుతుంది.

“డాక్టరమ్మా, ముక్క తీస్తే జబ్బు లేచి ఒళ్ళంతా పాకుతుందంట గదా” అని చాలామంది అడుగుతారు. లింఫోమా అలా సూది తగిలినందువల్ల పాకదు. అది రక్తకణాల జబ్బు, ఒళ్ళంతా తిరిగే గుణం దానికి మొదటి నుంచీ ఉంది. మందూ ఒళ్ళంతా తిరిగేదే. ముక్క తీసినందుకు చెడిపోయిన లింఫోమా రోగిని నేను చూడలేదు. తీయక ఆలస్యమై మంచాన పడి వచ్చినవాళ్ళను చూశాను.

లింఫోమా అని నేను రాశాక మిగతా పరీక్షలు చకచకా సాగుతాయి. పెట్ స్కాను, అవసరమైతే తుంటి ఎముక నుంచి మజ్జ పరీక్ష, రక్తంలో ఎల్‌డీహెచ్, గుండె పరీక్ష, హెచ్‌ఐవీ. హెపటైటిస్ బీ పరీక్ష తప్పకుండా చేయాలి. 1997లో అమెరికాలో అనుమతి పొందిన రిటుక్సిమాబ్ మందు బీ కణాల లింఫోమా రోగుల తలరాత మార్చింది, కానీ నిద్రపోతున్న హెపటైటిస్ బీని అది లేపగలదు. ఎక్కువ ఎముకల్లో ఉంటే నాలుగో దశ అంటారు. ఆ మాట వినగానే ఆశ వదిలేసుకునే కుటుంబాలున్నాయి. వేరే క్యాన్సర్లలో నాలుగో దశకు ఉన్న అర్థం లింఫోమాలో లేదు. ఇక్కడ నాలుగో దశలోనూ నయం చేయాలనే చికిత్స మొదలుపెడతారు, ఎందరికో నయమవుతుంది.

ఎక్కడికి వెళ్ళాలి అంటే, హైదరాబాద్‌లో నిమ్స్, ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖ దగ్గర అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, తిరుపతిలో స్విమ్స్ ఉన్నాయి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ కింద క్యాన్సరు చికిత్స ఉంది. మొదటిరోజే ఆసుపత్రిలో ఈ పథకం పని చూసేవారిని కలిసి అడగండి. ఎమ్మారై ఫిల్ముతో పాటు సీడీ కూడా తీసుకెళ్ళండి. ముక్క పరీక్ష ఒకచోట చేయించి వేరే ఊరికి వెళ్తుంటే స్లైడులూ, మైనం దిమ్మా అడిగి పట్టుకెళ్ళండి. అక్కడి పాథాలజిస్టు మళ్ళీ సూది గుచ్చే పని లేకుండా వాటినే చూడగలరు.

ఇక ముక్క పంపే డాక్టర్లు ఎవరైనా ఈ ప్రసంగం వింటుంటే వారికి. సీసాతో పాటు మాకొచ్చే ఫారంలో చాలాసార్లు పేరు, వయసు, “నడుం నొప్పి” అన్నంతవరకే ఉంటుంది. ఎన్నో పూస, ఎమ్మారైలో డిస్కు ఎలా ఉంది, మెడలో బిళ్ళలున్నాయా, టీబీ మందులు ఏ తేదీన మొదలయ్యాయి, స్టెరాయిడ్ ఎప్పుడు ఎంత ఇచ్చారు, ఇవి కూడా రాయండి. స్టెరాయిడ్ ఇచ్చినట్టు తెలిస్తే చచ్చిన కణాలను చూసి మామూలు వాపు అని వదిలేయం, మళ్ళీ ముక్క పంపమని ఫోను చేస్తాం. మీ ఫోను నంబరు కూడా రాయండి.